అమ్మకు మీసోథీలియోమా: కారణాన్ని కాగితం మీదకు తెచ్చిన అనుభవం

మా అమ్మ ఏనాడూ ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వెళ్లలేదు. అయినా ఆమె ప్రాణం తీసింది ఆస్‌బెస్టాస్ (రాతినార) పనివాళ్లకు వచ్చే మీసోథీలియోమా అనే ఊపిరితిత్తి పైపొర క్యాన్సరు. వైద్యుల రికార్డుల్లో ఆమె వృత్తి ఎదురుగా మొదటినుంచీ "గృహిణి" అనే రాసి ఉంది. ఆ గృహిణికి ఈ జబ్బు ఎలా వచ్చిందో తెలుసుకుని, తెలిసిన దాన్ని కేసు షీటులోనూ, చివరకు మరణ కారణ ధ్రువపత్రంలోనూ రాయించడానికి మా కుటుంబం ఏమేం చేయవలసి వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఇళ్లు విశాఖపట్నంలో మాదొక్కటే అయి ఉంటుందని నేను అనుకోను.

2016 చలికాలంలో అమ్మకు కుడి డొక్కలో బరువుగా అనిపించడం, మెట్లు ఎక్కితే ఆయాసం రావడం మొదలైంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినట్టు కనిపించింది. ఆ నీరు తీసి పరీక్ష చేస్తే ప్రోటీను, లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు ఎక్కువగా ఉన్నాయి, క్యాన్సరు కణాలు మాత్రం కనబడలేదు. మన దేశంలో ఇటువంటి నీటికి క్షయ చాలా సాధారణమైన కారణం కాబట్టి మొదటి ఆసుపత్రిలో క్షయ మందులు మొదలుపెట్టారు. అందుకు నేనెవరినీ తప్పు పట్టను. అయితే మందులు వాడుతుండగానే నీరు మళ్లీ చేరింది, తీసిన తర్వాత మరోసారి చేరింది, అమ్మ బరువు తగ్గుతూ వచ్చింది. అప్పుడు ఇంకో ఆసుపత్రిలో ఊపిరితిత్తుల నిపుణురాలి దగ్గరకు వెళ్లాం. ఆమె సీటీ స్కాన్ తీయించారు. ఊపిరితిత్తిని కప్పి ఉండే పొర కుడివైపు చుట్టూతా గడ్డలు గడ్డలుగా మందమైందనీ, గుండె వైపున్న భాగం కూడా అలాగే ఉందనీ చెప్పారు. దానికంటే ఆమెను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి: రెండు వైపులా డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న కండరం) మీద సున్నం పేరుకున్న చిన్న చిన్న ఫలకాలు ఉన్నాయి. ఆ ఫలకాలు క్యాన్సరు కావు, వాటంతట అవి పెద్దగా బాధ పెట్టేవీ కావు. కానీ రెండు వైపులా అలా ఉంటే, ఎన్నో ఏళ్ల కిందట ఆస్‌బెస్టాస్ ధూళి ఆ ఛాతీలోకి వెళ్లిందనడానికి అంతకంటే స్పష్టమైన గుర్తు అరుదుగా దొరుకుతుందని ఆమె వివరించారు.

"అమ్మా, మీరెప్పుడైనా ఆస్‌బెస్టాస్ పనిచేశారా?" అని డాక్టరు అడిగారు. లేదని అమ్మ చెప్పింది. అంతటితో ఆ సంభాషణ ముగిసి ఉంటే ఈ అనుభవం రాయడానికి నాకు ఏమీ ఉండేది కాదు. డాక్టరు కాసేపు ఆగి, "మీవారు ఏం పని చేసేవారమ్మా?" అని అడిగారు.

మా నాన్న 1960ల చివరి నుంచి సుమారు పదిహేడేళ్లపాటు హార్బరులో ఓడల మరమ్మతులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర లాగింగు పనిచేశారు. ఆవిరి గొట్టాలకూ బాయిలర్లకూ వేడి బయటకు పోకుండా పై పూత వేసి, గుడ్డ చుట్టి కట్టడాన్ని లాగింగు అంటారు. 1999లో ఆయన గుండెజబ్బుతో పోయారు. అప్పుడు ఆయన ఛాతీని ఈ దృష్టితో ఎవరూ పరీక్షించలేదు. డాక్టరు అడిగే వరకు ఆయన పనికీ అమ్మ ఆయాసానికీ సంబంధం ఉండవచ్చన్న ఊహ మాలో ఎవరికీ లేదు.

"పనిలోంచి వొచ్చీసరికి మీ నాన్న పిండిమరలోంచి లేచొచ్చినట్టుండీవోరు" అని అమ్మ నాతో చెబుతున్నట్టుగానే డాక్టరుకు చెప్పింది. ఖాకీ చొక్కా, నిక్కరు ముందు పెరట్లో బాగా దులిపి, ఆ తర్వాత బ్రష్షుతో రుద్ది, అప్పుడు నీళ్లలో నానబెట్టేదట. దులపకుండా నానబెడితే ఆ పొడి గుడ్డకు అంటుకుపోయి ఎంత ఉతికినా వదిలేది కాదట. మల్కాపురంలోని ఆ ఇంట్లో పెరడు చిన్నది, చుట్టూ గోడలు. పెళ్లైన ఏడాది 1971 నుంచి నాన్న ఆ పని మానేసేదాకా వారంలో ఆరు రోజులు ఇదే క్రమం. డాక్టరు ఆమె చెప్పినదంతా వినడంతో ఆగలేదు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, బట్టలు ఎక్కడ దులిపేవారు, ఎవరు ఉతికేవారు, పిల్లలు అప్పుడు ఎంత వయసువాళ్లు, ఇంటి పైకప్పు దేనిది, దగ్గరలో ఆ సరుకు తయారయ్యే కర్మాగారం ఏదైనా ఉండేదా అని ఒక్కొక్కటే అడిగి కేసు షీటులో రాసుకున్నారు. ఈ జబ్బు విషయంలో ఇటువంటి చరిత్ర రాయడం సూదిపోటు పరీక్షలకు ఏమాత్రం తీసిపోని పని అని నాకు ఆ రోజే అర్థమైంది.

నాన్న ఎటువంటి సరుకు వాడేవారో అమ్మకు తెలియదు. అది తెలుసుకోవడానికి నాన్నతో కలిసి పనిచేసిన ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాను. మేము ఆయనను బాబాయి అని పిలుస్తాం. ఆయన చెప్పింది నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. గోనె సంచుల్లో వచ్చే పొడిని తొట్టిలో పోసి, నీళ్లు కలిపి, చేత్తోనే పిసికి ముద్ద చేసి గొట్టాలకు మెత్తేవారు. కొత్త పని కంటే పాతది పీకే పనిలో దుమ్ము ఎన్నో రెట్లు ఎక్కువ. ఎన్నో ఏళ్లు వేడికి ఎండిన పూతను ఉలి, సుత్తితో కొట్టి ఊడగొడుతుంటే ఇంజను గదిలో ఎదుటి మనిషి కనిపించేవాడు కాదట. ఓడ అడుగుభాగంలో గాలి ఆడని ఆ గదుల్లో మూతికి తువ్వాలు చుట్టుకోవడం తప్ప వేరే రక్షణ ఉండేది కాదు. స్నానానికీ బట్టలు మార్చుకోవడానికీ పనిచోట ఏ ఏర్పాటూ లేదు కాబట్టి వేసుకున్న బట్టలతోనే అందరూ ఇంటికి వచ్చేవారు. ఆ కాలంలో లాగింగుకు వాడిన పూతల్లో మెగ్నీషియాతో పాటు ఆస్‌బెస్టాస్ కలిసి ఉండటం ప్రపంచమంతటా మామూలే. ఓడల్లో దాని వాడకం మరీ ఎక్కువ. బాబాయి తన సంతకంతో ఇచ్చిన వాంగ్మూలాన్నీ, నాన్న పేరున్న ఒక పాత గేటు పాసు నకలునూ డాక్టరుకు ఇచ్చాం. ఆమె వాటిని ఫైలులో చేర్చారు.

ఇంతచేసినా అది అనుమానమే తప్ప నిర్ధారణ కాదు. నిర్ధారణకు ముక్క పరీక్ష కావాలి. నీటిలోని కణాలను చూసి ఈ జబ్బును తేల్చడం చాలాసార్లు సాధ్యం కాదని చెప్పి థొరాకోస్కోపీ చేశారు. పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి, కెమెరా ఉన్న గొట్టం లోపలికి పంపి, పొర మీద కనిపించిన గడ్డల నుంచి ముక్కలు తీశారు. అదే సమయంలో నీటిని పూర్తిగా లాగేశారు. ముక్కలను మామూలు రంగులతో చూస్తే ఊపిరితిత్తి నుంచి పొరకు పాకిన క్యాన్సరు కూడా ఇంచుమించు ఇలాగే కనిపించవచ్చు. అందుకని ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే పరీక్షకు పంపారు. ఏ కణం ఏ ప్రోటీనును తయారుచేస్తుందో గుర్తించే పరీక్ష అది. మీసోథీలియోమాలో సాధారణంగా కనిపించే కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1, సైటోకెరాటిన్ 5/6 ఉన్నాయనీ, ఊపిరితిత్తి క్యాన్సరులో సాధారణంగా కనిపించే టీటీఎఫ్1, సీఈఏ లేవనీ నివేదిక వచ్చింది. ఎపిథీలియాయిడ్ రకం మీసోథీలియోమా అని రాశారు. మూడు రకాల్లో ఇది కొంత నయమైనదని డాక్టరు అన్నారు. ఆ మాటను మేము ఎంత గట్టిగా పట్టుకున్నామో చెప్పలేను.

ఆ రాత్రుల్లో ఈ జబ్బు గురించి చదవగలిగినంత చదివాను. రాతినార అంటే ఒకే ఖనిజం కాదు, నారలుగా చీలే ఆరు సిలికేటు ఖనిజాలకు కలిపి పెట్టిన పేరు అది. మన పులివెందుల ప్రాంతపు గనుల్లో దొరికిన తెల్లరకం క్రైసోటైల్ ఒక కుటుంబానికి చెందినది, నీలిరకం క్రోసిడొలైట్, గోధుమరంగు అమోసైట్ మరో కుటుంబానికి చెందినవి. ఈ రెండో కుటుంబపు నారలు శరీరంలో చాలా కాలం కరగకుండా నిలిచి ఉంటాయి కాబట్టి మీసోథీలియోమా ముప్పు వాటితో ఎక్కువ. అలాగని తెల్లరకం నిరపాయకరమని చెప్పడానికి వీల్లేదు. అన్ని రకాలూ మనిషికి క్యాన్సరు కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ తేల్చింది. కంటికి కనబడనంత సన్నని ఈ నారలు ఊపిరితో లోపలికి వెళ్లి, క్రమంగా ఊపిరితిత్తి పైపొరను చేరుతాయి. మలినాలను మింగి శుభ్రం చేసే కణాలు తమకంటే పొడవైన నారను మింగలేక అక్కడే చచ్చిపడుతూ ఉంటే, ఆ చోట వాపు ఏళ్ల తరబడి చల్లారదు. పొర కణాల్లో పెరుగుదలను కట్టడి చేసే జన్యువులు ఒకటొకటిగా దెబ్బతింటాయి. ధూళి లోపలికి పోయిన నాటి నుంచి జబ్బు బయటపడే దాకా సాధారణంగా 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. అమ్మ విషయంలో పెళ్లినాటి నుంచి లెక్కవేస్తే 45 ఏళ్లు.

బట్టలు ఉతికిన భార్యలకు ఈ జబ్బు రావడం వైద్యశాస్త్రానికి కొత్త కాదని తెలిసినప్పుడు నాకు కలిగిన బాధ వేరు. దక్షిణాఫ్రికాలోని వాయవ్య కేప్ ప్రాంతంలో వాగ్నర్, స్లెగ్స్, మార్చండ్ అనే ముగ్గురు 33 మీసోథీలియోమా కేసులను 1960లో ప్రచురించారు. వారిలో గనిలో ఎన్నడూ పనిచేయకుండా, నీలిరకం గనుల దగ్గర నివసించినవారు ఉన్నారు. 1965లో లండన్‌లో న్యూహౌస్, థామ్సన్ 76 మంది రోగుల చరిత్రలు పరిశీలించారు. వారిలో 9 మందికి ఉన్న సంబంధమల్లా ఇంట్లోవాళ్లు ఆస్‌బెస్టాస్ పనిచేయడమే. ఎక్కువగా కనిపించిన చరిత్ర భర్త పనిబట్టలు ఉతికిన భార్యది. అంటే అమ్మ మల్కాపురంలో మొదటిసారి ఆ ఖాకీ చొక్కా దులపడానికి ఆరేళ్ల ముందే ఈ సంగతి అచ్చయి ఉంది. పనిచోటనే బట్టలు మార్చుకునే గది ఒకటి, ఉతికించే ఏర్పాటు ఒకటి ఉంటే ఆమె పెరట్లోకి ఆ పొడి వచ్చి ఉండేదే కాదు. ఇప్పటికీ నాకు కోపం తెప్పించే విషయం ఇదొక్కటే.

బంధువులు తలా ఒక కారణం చెప్పారు. ప్రతిదాన్నీ డాక్టరు దగ్గర అడిగాను. మా ఇంటి వెనక వంటసాలకు ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు ఉండేవి, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు అవి ముక్కలై వాటిని అమ్మే ఊడ్చి పోగు చేసింది కాబట్టి అందువల్లే వచ్చిందని మా మేనమామ గట్టిగా నమ్మారు. రేకులో నార సిమెంటుతో బిగిసి ఉంటుందనీ, చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం గాలిలోకి వచ్చేది తక్కువనీ, కోసినా, తొలిచినా, పగిలినా ధూళి లేస్తుందనీ, పగిలిన ముక్కలను పొడిగా ఊడవకుండా తడిపి తీయాలనీ డాక్టరు చెప్పారు. అయితే రెండేళ్లలో ఈ జబ్బు రాదని కూడా చెప్పారు. మా నాయనమ్మ ఆ తరపు ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో చాలామందిలాగే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. ఆ పొగ వల్లనేమోనని మా పెద్దమ్మ అడిగింది. అడ్డచుట్ట అంగిలి క్యాన్సరు తెస్తుంది. కానీ పొగాకుకూ మీసోథీలియోమాకూ సంబంధం లేదు. ఆస్‌బెస్టాస్ పీల్చిన మనిషి పొగ కూడా తాగితే ఊపిరితిత్తి క్యాన్సరు ముప్పు మాత్రం విపరీతంగా పెరుగుతుంది, అది వేరే జబ్బు. ఈ తేడాలు ఓపికగా చెప్పే డాక్టరు దొరకడం మా అదృష్టం.

చికిత్స గురించి ఎక్కువ రాయను. శస్త్రచికిత్సకు అమ్మ వయసూ, జబ్బు వ్యాపించిన తీరూ అనుకూలించలేదు. నీరు మళ్లీ చేరకుండా పొరల మధ్య టాల్కు పొడి చల్లి అతికించారు, అది చాలావరకు పనిచేసింది. పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ కలిపి కీమోథెరపీ ఇచ్చారు. పెమెట్రెక్సెడ్ వల్ల కలిగే చెరుపు తగ్గడానికి ముందునుంచీ ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బీ12 సూదులు ఇస్తారు. కొన్ని నెలలు ఆమె తన పనులు తాను చేసుకుంది, మనవరాలి పెళ్లి చూసింది. నొప్పికి మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టడానికి మేము భయపడుతుంటే డాక్టరే నచ్చజెప్పారు. ఆ మాత్రల వల్లనే ఆమె చివరి నెలల్లో నిద్రపోగలిగింది.

ఈలోగా నష్టపరిహారం సంగతి తెలుసుకుందామని కార్మిక వ్యవహారాలు చూసే ఒక న్యాయవాదిని కలిశాను. డబ్బు కోసం కాదు, ఎక్కడో ఒక చోట ఇది పని వల్ల వచ్చిన మరణమని నమోదు కావాలని నా ఆశ. అప్పట్లో అమలులో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూలులో ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తి క్యాన్సరు, మీసోథీలియోమా వృత్తి వ్యాధులుగా ఉన్నాయని ఆయన పుస్తకం తెరిచి చూపించారు. అయితే ఆ చట్టం ఉద్యోగికి వచ్చిన జబ్బుకు ఉద్యోగికో, అతని మీద ఆధారపడినవారికో పరిహారం ఇచ్చేది. ఉద్యోగి బట్టల మీద వచ్చిన ధూళితో భార్యకు జబ్బు చేస్తే ఆమె ఆ చట్టం దృష్టిలో ఎవరూ కాదు. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి కూడా ఆయనే చెప్పారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి రాసిన ఆ తీర్పు, కార్మికుని ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. ప్రతి ఆస్‌బెస్టాస్ కార్మికుని ఆరోగ్య రికార్డునూ ఉద్యోగం మొదలైన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆదేశించింది. ఎంతో ముందుచూపున్న ఆదేశం అది. కానీ నాన్న కాంట్రాక్టరు వ్యాపారం ఆ తీర్పుకు ముందే మూతపడింది. భద్రపరచడానికి రికార్డు లేదు, భద్రపరచవలసిన మనిషీ లేడు. న్యాయవాది నా దగ్గర రుసుము తీసుకోకుండానే ఫైలు తిరిగి ఇచ్చేశారు.

2018 వేసవిలో అమ్మ ఇంట్లోనే కన్నుమూసింది. ఈ సందర్భంలో చేయవలసిన పని గురించి నేను ముందే డాక్టరుతో మాట్లాడి ఉంచాను. చివరి జబ్బులో చూసిన వైద్యులు మరణ కారణాన్ని ధ్రువీకరిస్తూ రుసుము లేకుండా పత్రం ఇవ్వాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. ఆసుపత్రిలో పోతే ఫారం 4, ఇంట్లో పోతే ఫారం 4ఏ. మన దేశంలో నమోదయ్యే మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించేవి దాదాపు ఐదో వంతు మాత్రమే, ఆ ఇచ్చేవాటిలోనూ గుండె ఆగింది, శ్వాస ఆగింది అని రాసి సరిపెట్టేవి ఎన్నో. గుండె ఆగకుండా ఎవరూ పోరు కదా. ఆ ఫారంలో మొదటి భాగం నిజానికి ఒక వరుసను అడుగుతుంది: మరణానికి తక్షణ కారణం ఏమిటి, దానికి దారితీసినది ఏమిటి, దానికీ మూలమైనది ఏమిటి. మా డాక్టరు ఆ మూడు గీతల మీద శ్వాస వైఫల్యం, కుడి ఊపిరితిత్తి పైపొర మీసోథీలియోమా, గృహస్థాయిలో దీర్ఘకాలం ఆస్‌బెస్టాస్ ధూళి సోకడం అని వరుసగా రాశారు. జబ్బు ఎదురుగా అంతర్జాతీయ వర్గీకరణ సంకేతం సీ45.0 కూడా వేశారు. రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ మూడో గీత చూసిన గుమస్తా, "ఇది అవసరమాండీ?" అని అడిగారు. అవసరమేనని చెప్పి, కేసు షీటు నకలు, ముక్క పరీక్ష నివేదిక చూపించాను. ఆయన చదివి, ఉన్నదున్నట్టు నమోదు చేశారు. ఇటువంటి మరణాలు లెక్కలోకి రానంతకాలం మన దగ్గర ఈ జబ్బు లేదనే వాదన చెల్లుతూనే ఉంటుంది. మన దేశంలో ఆస్‌బెస్టాస్ గనుల లీజుల పునరుద్ధరణ 1993లో ఆగింది కానీ విదేశాల నుంచి తెల్లరకం దిగుమతి ఆగలేదు. ఇప్పటికీ రేకులను కోసి, తొలిచి ఇంటికి వెళ్లే పనివాళ్లు ఉన్నారు, వాళ్ల బట్టలు ఉతికేవాళ్లూ ఉన్నారు.

ఆ పెరట్లో ఆడుకుంటూ పెరిగినవాళ్లం నేనూ మా తమ్ముడూ. మాకు కూడా రావచ్చా అని డాక్టరును అడిగాం. ధూళి సోకినవారిలో ఎక్కువమందికి ఈ జబ్బు రాదనీ, రాబోయేదాన్ని ముందే పట్టుకుని ఆయుష్షు పెంచగల పరీక్ష అంటూ ఏదీ నిరూపణ కాలేదనీ, కాబట్టి ఏటా స్కాన్లు తీయించుకుంటూ భయంతో బతకవద్దనీ చెప్పారు. తమ్ముడు సిగరెట్లు మానేశాడు. మేమిద్దరం ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, మోకాలి నొప్పికి వెళ్లినా సరే, మొదటి చీటీ మీద ఒక వాక్యం రాయిస్తున్నాం: చిన్నతనంలో తండ్రి పనిబట్టల ద్వారా ఆస్‌బెస్టాస్ ధూళి సోకింది, తల్లి మీసోథీలియోమాతో మరణించారు.